ప్రయోగం ప్రైవేటుది, పూచీ ప్రభుత్వానిది: అంతరిక్ష చట్టంలో అసలు ముడి

క్లుప్తంగా

అంతరిక్షంలోకి ఏ కంపెనీ ఏది పంపినా, దానివల్ల పరాయి దేశానికి నష్టం జరిగితే జవాబు చెప్పాల్సింది కంపెనీ కాదు, ప్రభుత్వం. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక, 1972 నాటి నష్టబాధ్యత ఒప్పందం పెట్టిన పద్ధతి ఇది. నేల మీద ఉన్నవాళ్లకు దీనివల్ల గట్టి రక్షణే ఉంది. కక్ష్యలో జరిగే ప్రమాదాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది దాదాపు కదలడం లేదు. శ్రీహరికోట నుంచి నాలుగు వందలకు పైగా విదేశీ ఉపగ్రహాలను పంపిన భారత్ నెత్తిన ఈ పూచీ చాలానే ఉంది. దాన్ని కంపెనీలతో ఎలా పంచుకోవాలో చెప్పే చట్టం మాత్రం రాలేదు.

తీరానికి కొట్టుకొచ్చిన పీపా

2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ అనే చిన్న ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డున ఒక పెద్ద పీపా లాంటి వస్తువు కనబడింది. పెర్త్ నగరానికి ఉత్తరాన సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉంటుందా ఊరు. పీపాది రాగి రంగు, మనిషి తల దాటేంత ఎత్తు. చాలాకాలం నీళ్లలో నానినట్టు ఒంటినిండా గుల్లలు పట్టి ఉన్నాయి. 2014లో మాయమైన మలేసియా విమానం ముక్కేమోనని కొందరు ఊహించారు. లోపల విష పదార్థాలేమైనా ఉన్నాయేమోనని అధికారులు కాపలా పెట్టి, జనాన్ని దూరంగా ఉండమన్నారు. జులై 31న ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ అసలు సంగతి తేల్చింది. అది చాలావరకు మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశకు చెందిన భాగమే. ఇస్రో కూడా కాదనలేదు.

పీఎస్‌ఎల్‌వీ లేచేది శ్రీహరికోట నుంచి. ఘన ఇంధనంతో మండే దాని మూడో దశ కక్ష్య దాకా వెళ్లదు. పని అయిపోగానే విడిపోయి సముద్రంలో పడుతుంది. అలా పడిన ఒక ముక్క అలల మీద తేలుతూ తీరం చేరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ విరగలేదు. కాబట్టి పరిహారం మాటే రాలేదు. అయినా చట్టం పరంగా కొన్ని పనులు వాటంతటవే మొదలయ్యాయి. వ్యోమగాములను కాపాడడం, అంతరిక్ష వస్తువులను తిరిగి అప్పగించడం గురించిన 1968 నాటి ఒప్పందం ప్రకారం పరాయి దేశపు అంతరిక్ష వస్తువు దొరికితే, దొరికిన దేశం ఆ సంగతి ప్రయోగించిన దేశానికీ ఐక్యరాజ్యసమితికీ చెప్పాలి. అడిగితే తిరిగి ఇవ్వాలి. వెతికి తెచ్చి అప్పగించడానికి అయ్యే ఖర్చు ప్రయోగించిన దేశానిదే.

అదే పీపా ఒక ఇంటి కప్పు మీద పడి ఉంటే? అప్పుడు ఆస్ట్రేలియా ఇస్రో తప్పు చేసిందని రుజువు చేయాల్సిన పని ఉండేది కాదు. ఆ రాకెట్ మోసుకెళ్లిన ఉపగ్రహం ఎవరిదన్నదీ అక్కర్లేదు. ఢిల్లీకి ఒక దౌత్య లేఖ రాస్తే సరిపోయేది. ఇంత తేలిగ్గా ఒక దేశాన్ని జవాబుదారీ చేసే ఏర్పాటు అంతర్జాతీయ చట్టంలో మరో చోట కనబడటం అరుదు.

1967 నాటి బేరం

సముద్రంలో ఒక ప్రైవేటు నౌక నుంచి చమురు ఒలికితే మొదట పట్టుకునేది ఓడ యజమానిని, అతడి బీమా సంస్థను. విమానం కూలితే విమానయాన సంస్థను. ఒక ప్రైవేటు సంస్థ చేసిన పనికి దాని దేశం నేరుగా బాధ్యత వహించాలన్నది మామూలు అంతర్జాతీయ న్యాయసూత్రం కాదు. ప్రభుత్వం చేయించిందనో, చూస్తూ ఊరుకుందనో చూపించాలి. అంతరిక్షంలో ఆ అవసరం లేకుండా చేసింది 1967 ఒడంబడికలోని ఆరో అధికరణం.

దాని వెనక ఉన్నది అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య కుదిరిన రాజీ. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక, అంతరిక్షాన్ని శాంతియుతంగా వాడుకోవడం గురించి చర్చించడానికి 1959లో ఐక్యరాజ్యసమితి ఒక శాశ్వత సంఘాన్ని పెట్టింది. 1962లో అక్కడ సోవియట్ యూనియన్ పెట్టిన ప్రతిపాదన సూటిగానే ఉంది: అంతరిక్ష కార్యకలాపాలు దేశాలే చేయాలి, ప్రైవేటు సంస్థలకు అక్కడ చోటు లేదు. సరిగ్గా అదే ఏడాది జులైలో అమెరికన్ టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీకి చెందిన టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని నాసా కక్ష్యలోకి పంపింది. ప్రైవేటును బయటపెట్టే మాటకు వాషింగ్టన్ ఒప్పుకునే ప్రసక్తే లేదు.

చివరికి ఇద్దరూ చెరో మెట్టు దిగారు. ప్రైవేటు సంస్థలు వెళ్లవచ్చు, కానీ వాటి పనికి వాటి దేశమే బాధ్యత వహించాలి. ముందు అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత కూడా ఓ కన్నేసి ఉంచుతూనే ఉండాలి. 1963 డిసెంబరులో సర్వసభ్య సభ ప్రకటనలో చోటు చేసుకున్న ఈ సూత్రం 1967 జనవరి 27న సంతకాలకు సిద్ధమైన ఒడంబడికలోకి ఎక్కింది. ఆ ఏడాది అక్టోబరు 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. భారత్ 1967 మార్చిలోనే సంతకం చేసినా ధ్రువీకరణకు 1982 జనవరి దాకా ఆగింది. నష్టబాధ్యత ఒప్పందంలో మాత్రం అంతకు ముందే, 1979లో చేరింది.

ఈ బేరం ఇప్పటికీ ఎలా పనిచేస్తుందో 2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి చైనా రాసిన లేఖ చూపిస్తుంది. ఆ ఏడాది జులై 1న ఒకసారి, అక్టోబరు 21న మరోసారి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు చైనా అంతరిక్ష కేంద్రానికి ప్రమాదకరంగా దగ్గరకు వచ్చాయని, లోపల వ్యోమగాములు ఉండగా కేంద్రాన్ని పక్కకు జరపాల్సి వచ్చిందని అందులో ఫిర్యాదు. స్టార్‌లింక్ ఒక ప్రైవేటు కంపెనీ వ్యాపారం. చైనా గుర్తు చేసింది మాత్రం ఆరో అధికరణం కింద ఒడంబడిక దేశాలకుండే బాధ్యతను. జవాబు కూడా అమెరికా ప్రభుత్వమే రాసింది. అంత ప్రమాదమేమీ లేదని దాని వాదన. అరవై ఏళ్ల కింద ఏ ప్రైవేటు రంగానికి చోటివ్వాలని అమెరికా పట్టుబట్టిందో, ఆ రంగం తరఫునే ఇప్పుడు సంజాయిషీ రాయాల్సి వస్తోంది.

‘ప్రయోగ దేశం’ అంటే ఎవరు?

బాధ్యత దేశానిదే, సరే. ఏ దేశానిది? ఒప్పందాలు వాడే మాట ‘ప్రయోగ దేశం’. 1972 ఒప్పందం దాన్ని నాలుగు రకాలుగా నిర్వచిస్తుంది. వస్తువును ప్రయోగించిన దేశం, ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి గడ్డ మీద నుంచి అది లేచిందో ఆ దేశం, ఎవరి ప్రయోగ కేంద్రాన్ని వాడుకున్నారో ఆ దేశం. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి వర్తించినా చాలు. ఒకే ఉపగ్రహానికి ఇద్దరు ముగ్గురు ప్రయోగ దేశాలు ఉండవచ్చు. ఉంటే అందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులే. అంటే నష్టపోయిన దేశం తనకు నచ్చిన ఒక్కరినే పట్టుకుని మొత్తం అడగవచ్చు. ఆ తర్వాత వాళ్లలో వాళ్లు పంచుకోవాల్సిందే. రాకెట్ కూడా ఈ లెక్కలో అంతరిక్ష వస్తువే. ప్రయోగం విఫలమైనా అది ప్రయోగం కిందికే వస్తుంది.

ఈ నిర్వచనాన్ని శ్రీహరికోట దగ్గర పెట్టి చూస్తే భారం బోధపడుతుంది. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను కక్ష్యలో వదిలింది. అందులో 101 విదేశాలవి, వాటిలోనూ 96 అమెరికావే. దేశమంతా ఆ రికార్డును పండగ చేసుకుంది. చట్టం కంటితో చూస్తే ఆ ఉదయం భారత్ 104 వస్తువులకు ప్రయోగ దేశమైంది. వాటిని నడిపేది ఎవరు, ఎటు తిప్పుతున్నారు, ఎప్పుడు ఆపేస్తారు అన్నవి భారత్ చేతిలో లేవు. వన్‌వెబ్ సంగతీ అంతే. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా రాకెట్లు అందుబాటులో లేకుండా పోవడంతో ఆ బ్రిటిష్ కంపెనీ ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3 వైపు చూసింది. 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో మరో 36 ఉపగ్రహాలు అలా వెళ్లాయి. అవి తిరిగేది సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తులో. అంత ఎత్తులో గాలి రాపిడి దాదాపు ఉండదు. చెడిపోయిన వస్తువు దానంతట అదే కిందికి రావాలంటే వందల ఏళ్లు పడుతుంది.

ప్రయోగ దేశం హోదాకు గడువు లేదు. ఉపగ్రహం కంపెనీలు మారినా, దేశాలు మారినా మొదట పంపిన దేశం పేరు చెరిగిపోదు. ఇల్లు అమ్మేసి ఊరు వదిలి వెళ్లినా ఇంటి పన్ను నోటీసు పాత యజమాని పేరుకే వస్తున్నట్టు ఉంటుందిది. దేశాలు ముందే కూర్చుని ఎవరి వాటా ఎంతో రాసుకోవచ్చని ఒప్పందమే చెబుతోంది. కానీ ఆ రాతకోతలు వాళ్ల మధ్యనే. నష్టపోయిన దేశం చేతిని అవి కట్టేయలేవు.

నేల మీద ఒక లెక్క, కక్ష్యలో మరొకటి

1972 ఒప్పందం నష్టాన్ని రెండుగా విడదీసింది. భూమి మీద గానీ, ఎగురుతున్న విమానానికి గానీ నష్టం జరిగితే బాధ్యత సంపూర్ణం. తప్పు ఎవరిదన్న విచారణ ఉండదు. కక్ష్యలో ఒకరి వస్తువు మరొకరి వస్తువును గుద్దితే మాత్రం తప్పు ఎవరిదో తేలాలి. నేల మీద ఉన్నవాడు ఈ ఆటలో లేడు, కక్ష్యలో ఉన్నవాళ్లు తెలిసే దిగారు. అప్పట్లో ఈ తేడా సబబుగానే కనిపించింది.

మొదటి రకానికి గట్టి ఉదాహరణ ఒకటే ఉంది. సముద్రాల మీద నౌకల కదలికలు కనిపెట్టడానికి 1977 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పంపిన కాస్మోస్ 954 అనే ఉపగ్రహం 1978 జనవరి 24న అదుపు తప్పి కెనడా వాయవ్య ప్రాంతాల మీద కూలింది. దాంట్లో యురేనియంతో నడిచే అణు రియాక్టర్ ఉంది. మంచు, గడ్డకట్టిన సరస్సులు, ఎక్కడో ఒక చోట మనిషి ఉండే ఆ నేల మీద రేడియోధార్మిక ముక్కలు వందల కిలోమీటర్ల మేర చెల్లాచెదురయ్యాయి. కెనడా, అమెరికా బృందాలు సుమారు 1,24,000 చదరపు కిలోమీటర్లు గాలించాయి. తెలంగాణ మొత్తం విస్తీర్ణం కన్నా అది ఎక్కువ.

కెనడా ప్రభుత్వానికి అయిన ఖర్చు సుమారు 1.4 కోట్ల కెనడా డాలర్లు. ఉద్యోగుల మామూలు జీతాల్లాంటివి పక్కనపెట్టి, ఈ ప్రమాదం వల్లే అదనంగా అయిన 60,41,174 డాలర్ల 70 సెంట్లకు 1979 జనవరిలో దావా వేసింది. ఏడాది లోపు అడగాలన్నది ఒప్పందం షరతు. ఆ గడువుకు ఒక్క రోజు ముందు. ఇక్కడే చిక్కు వచ్చింది. ఒప్పందం చెప్పే ‘నష్టం’ అంటే ప్రాణనష్టం, గాయం, ఆరోగ్యానికి హాని, ఆస్తి నష్టం. కెనడాలో ఎవరూ చావలేదు, ఇల్లు కూలలేదు. ఖాళీ నేల మీద పడిన ముక్కల్ని ఏరడానికి అయిన ఖర్చు ఆస్తి నష్టం కిందికి వస్తుందా? భూమి వాడుకోవడానికి పనికిరాకుండా పోయింది కాబట్టి వస్తుందని కెనడా వాదన. మూడో పక్షం దగ్గర ఆ వాదన తేలకుండానే 1981 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్ 30 లక్షల డాలర్లు ఇచ్చి వివాదం ముగించింది. ఆ రాజీ పత్రంలో 1972 ఒప్పందం కింద తనది బాధ్యత అన్న మాట ఎక్కడా లేదు. డబ్బు వచ్చింది గానీ చట్టం తేలలేదు. ఆ తర్వాత ఆ స్థాయి దావా మరొకటి ఈ ఒప్పందం కింద రాలేదు.

రెండో రకానికి వస్తే పరిస్థితి ఇంకా అయోమయం. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీదుగా, 789 కిలోమీటర్ల ఎత్తులో రెండు ఉపగ్రహాలు ఢీకొన్నాయి. ఒకటి అమెరికా కంపెనీ ఇరిడియంకు చెందిన, పనిచేస్తున్న ఇరిడియం 33. రెండోది ఎప్పుడో మూలపడిన రష్యా కాస్మోస్ 2251. రెండు వేలకు మించి శకలాలు పుట్టాయి. తప్పు ఎవరిది? పనికిరాని వస్తువును రద్దీ ఉన్న కక్ష్యలో వదిలేసిన రష్యాదా? పక్కకు జరగగలిగి ఉండీ జరగని ఇరిడియందా? చెడిపోయిన ఉపగ్రహాన్ని దించేయాలని ఏ ఒప్పందమూ కట్టడి చేయదు. దగ్గరికి వస్తున్న ప్రతిదాన్నీ తప్పించుకు తీరాలనీ ఎక్కడా రాసి లేదు. ప్రమాణమే లేనప్పుడు దాన్ని తప్పారని ఎలా అంటారు? పైగా ఇరిడియం 33 కూడా 1997లో రష్యా ప్రోటాన్ రాకెట్ మీద, కజకిస్థాన్‌లోని బైకనూర్ నుంచి వెళ్లిందే. ఆ లెక్కన రష్యా రెండు పక్కలా ప్రయోగ దేశమే. ఎవరూ ఎవరి మీదా అధికారికంగా దావా వేయలేదు.

సొంత పౌరుడికి ఈ ఒప్పందం వర్తించదన్న సంగతి చాలామందికి తెలియదు. 2024 మార్చిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పును చీల్చుకుని సుమారు 700 గ్రాముల లోహపు ముక్క నేల దాకా దిగింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల సామగ్రిలోదని నాసా ఒప్పుకుంది. ఆ కుటుంబం నాసాను సుమారు 80 వేల డాలర్లు అడిగింది, అది కూడా అమెరికా సొంత చట్టాల కింద. అదే ముక్క సరిహద్దు దాటి పడి ఉంటే దౌత్యమార్గంలో, తప్పు రుజువు చేసే పని లేకుండా అడిగే వీలుండేది. ఈ తరహా సంఘటనలు మన దగ్గరికీ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు వలయం, గోళాలు పడ్డాయి. చైనా రాకెట్ భాగాలని నిపుణులు అంచనా వేశారు. ఎవరికీ హాని జరగలేదు. ఇక 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన మీదే పడుతుందన్న భయంతో ఉన్న మేకల్నీ కోళ్లనూ కోసుకు తిన్నారని తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అది పడింది పశ్చిమ ఆస్ట్రేలియాలో. ఎస్పెరాన్స్ అనే ఊరి స్థానిక సంస్థ రోడ్ల మీద చెత్త వేసినందుకని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకే.

‘శాంతియుతం’ అన్న మాటకు ఉన్న హద్దు

అంతరిక్షం శాంతియుత ప్రయోజనాలకే అన్న మాట తరచూ వినబడుతుంది. ఒడంబడిక నాలుగో అధికరణం అంత దూరం వెళ్లలేదు. చంద్రుడు, ఇతర ఖగోళ వస్తువుల మీద మాత్రమే పూర్తిగా శాంతియుత వినియోగం అంది. అక్కడ సైనిక స్థావరాలు, ఆయుధ పరీక్షలు కుదరవు. భూమి చుట్టూ ఉన్న కక్ష్యలో నిషేధించినది అణ్వాయుధాలను, సామూహిక విధ్వంసక ఆయుధాలను ఉంచడం ఒక్కటే. గూఢచారి ఉపగ్రహాలకు గానీ, ఉపగ్రహాన్ని కూల్చే క్షిపణికి గానీ అందులో అడ్డు లేదు. రెండు అగ్రరాజ్యాలకూ అప్పటికే నిఘా ఉపగ్రహాలు కావాలి మరి.

ఈ ఖాళీలోనే కూల్చివేత పరీక్షలు జరిగాయి. 2007 జనవరిలో చైనా సుమారు 860 కిలోమీటర్ల ఎత్తులో తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని పేల్చింది. గుర్తించదగ్గ శకలాలే మూడు వేలకు పైన పుట్టాయి, వాటిలో చాలావరకు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’ పేరుతో భారత్ తన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని కూల్చింది. ఎత్తు 300 కిలోమీటర్ల లోపు కావడంతో ఎక్కువ ముక్కలు త్వరగానే రాలిపోయాయి. కొన్ని మాత్రం పైకి ఎగజిమ్మి రెండేళ్లకు మించి తిరిగాయి. 2021 నవంబరులో రష్యా చేసిన పరీక్షతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు, రష్యా వాళ్లతో సహా, తమ నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది.

2022 డిసెంబరులో ఇలాంటి పరీక్షలు ఆపుతామని మాట ఇవ్వాలని దేశాలను కోరుతూ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం చేసింది. 155 దేశాలు ఔనన్నాయి. రష్యా, చైనా సహా 9 వద్దన్నాయి. ఓటు వేయకుండా ఉండిపోయిన 9 దేశాల్లో భారత్ ఒకటి. ఏకపక్ష మాటల కన్నా చట్టబద్ధమైన ఒప్పందం కావాలన్నది ఢిల్లీ చాలాకాలంగా చెబుతున్న వైఖరి. 2024 ఏప్రిల్‌లో కక్ష్యలో అణ్వాయుధాలు పెట్టవద్దన్న, అంటే 1967 నుంచీ ఉన్న నిషేధాన్నే మళ్లీ చెప్పిన తీర్మానాన్ని భద్రతా మండలిలో రష్యా వీటో చేసింది. అలాంటి వాతావరణంలో కొత్త ఒప్పందం త్వరలో వస్తుందనుకోవడం కష్టం.

అమెరికా వద్దన్నా శ్రీహరికోట నుంచి వెళ్లిన నాలుగు

ఆరో అధికరణం చెప్పిన ‘అనుమతి, నిరంతర పర్యవేక్షణ’ ఎక్కడ జారిపోతుందో 2018 నాటి ఒక సంఘటన స్పష్టంగా చూపించింది. స్వార్మ్ టెక్నాలజీస్ అనే అమెరికా స్టార్టప్ స్పేస్‌బీ పేరుతో నాలుగు బుల్లి ఉపగ్రహాలు తయారుచేసింది. ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, మందం 2.8 సెంటీమీటర్లు. అంటే అరచేతిలో పట్టేస్తాయి. ఇంత చిన్నవాటిని నేల మీది రాడార్లు నమ్మకంగా గుర్తుపట్టలేవని, మిగతా ఉపగ్రహాలకు ప్రమాదమని ఉపగ్రహాల రేడియో సంకేతాలకు లైసెన్సులిచ్చే అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 2017 డిసెంబరులో అనుమతి నిరాకరించింది.

నెల తిరిగేసరికి, 2018 జనవరి 12న అవి పీఎస్‌ఎల్‌వీ-సీ40 మీద శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరాయి. మధ్యవర్తి సంస్థ చోటు మాట్లాడింది, ఇస్రో రాకెట్ మోసుకెళ్లింది. సొంత దేశం వద్దన్న సంగతి ఈ వరుసలో ఎక్కడా ఎవరినీ ఆపలేదు. తర్వాత అమెరికా కమిషన్ ఆ కంపెనీకి 9 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయితే కక్ష్యలోకి వెళ్లినవాటిని వెనక్కి తెచ్చే మార్గం లేదు. ఆ నాలుగూ దేన్నైనా గుద్ది ఉంటే అమెరికాతో పాటు భారత్ కూడా ప్రయోగ దేశంగా బోనులో నిలబడాల్సి వచ్చేది. అనుమతి ఇవ్వాల్సింది ఒక దేశం, ప్రయోగించేది మరో దేశం అయినప్పుడు మొదటి దేశం ‘సరే’ అందా లేదా అని రెండో దేశం అడిగి తెలుసుకోవాలన్న నియమం ఏ ఒప్పందంలోనూ లేదు. దాన్ని ఏ దేశానికి ఆ దేశం సొంత నిబంధనల్లో రాసుకోవాల్సిందే.

చట్టం లేని చోట విధానం

ఇక్కడే భారత్ ముందున్న ప్రశ్న. ఒప్పందాలు ప్రభుత్వం నెత్తిన పెట్టిన భారాన్ని కంపెనీకి ఎంతవరకు దించవచ్చు? దానికి దేశీయ చట్టం కావాలి. అమెరికా 1984లోనే వాణిజ్య ప్రయోగాలకు చట్టం తెచ్చి, 1988లో దానికి నష్టభారాన్ని పంచుకునే పద్ధతి చేర్చింది. ప్రయోగించే కంపెనీ గరిష్ఠంగా 50 కోట్ల డాలర్ల దాకా బీమా తీసుకోవాలి. అంతకు మించిన నష్టాన్ని ఒక హద్దు దాకా ప్రభుత్వం చూసుకుంటుంది. ఫ్రాన్స్ 2008 చట్టం కంపెనీ వాటాను 5 నుంచి 7 కోట్ల యూరోల మధ్య కట్టేసి, మిగతాది తాను భరిస్తానంది. రెండు చోట్లా తర్కం ఒకటే. హద్దు లేని నష్టానికి ఏ బీమా కంపెనీ ముందుకు రాదు. బీమా లేకపోతే ప్రైవేటు ప్రయోగ పరిశ్రమ నిలబడదు.

మన దగ్గర 2017లో ఒక ముసాయిదా బిల్లు ప్రజాభిప్రాయానికి వచ్చింది. లైసెన్సు, నష్టం జరిగితే కంపెనీ ప్రభుత్వానికి పరిహారం కట్టడం, లైసెన్సు లేకుండా పనిచేస్తే జైలు శిక్ష వంటివి అందులో ఉన్నాయి. కంపెనీ బాధ్యతకు పరిమితి ఎంతో చెప్పకపోవడం దాని మీద వచ్చిన ప్రధాన విమర్శల్లో ఒకటి. ఆ బిల్లు చట్టం కాలేదు. 2020లో ప్రైవేటుకు తలుపులు తెరుస్తూ ఇన్‌స్పేస్ అనే సంస్థను ప్రకటించారు. 2023లో అంతరిక్ష విధానం, 2024 మేలో అనుమతుల నిబంధనావళి వచ్చాయి. అనుమతులు ఇప్పుడు ఇన్‌స్పేస్ ద్వారానే నడుస్తున్నాయి. అయితే ఆ సంస్థకు పార్లమెంటు చట్టం పునాది కాదు, ప్రభుత్వ నిర్ణయం పునాది. షరతు మీరిన కంపెనీతో కోర్టులో తేల్చుకోవాల్సి వస్తే విధాన పత్రానికీ చట్టానికీ ఉన్న బరువు ఒకటి కాదు.

ఇది దూరపు విషయం కాదనడానికి హైదరాబాద్ చాలు. అక్కడి స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. దేశంలో ఒక ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదలు. అది దాదాపు 89.5 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి బంగాళాఖాతంలో పడింది. అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని కొందరు, 80 దగ్గరని అమెరికా అంటారు. ఒప్పందాల్లో ఈ గీత ఎక్కడా లేదు. ఒక్కో లెక్కన ఆ రాకెట్ అంతరిక్షానికి వెళ్లినట్టు, మరో లెక్కన వెళ్లనట్టు. అదే నగరంలోని ధ్రువ స్పేస్ తన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలను అదే నెలలో పీఎస్‌ఎల్‌వీ మీద పంపింది. సరకు, రాకెట్, భూభాగం అన్నీ దేశానివే అయిన రోజుల్లో పూచీ ఎవరిదన్న ప్రశ్నే ఉండేది కాదు. ఇప్పుడు కంపెనీ వేరు, వినియోగదారు వేరు, పెట్టుబడి విదేశాలది. 2024లో ఉపగ్రహాలకు 74 శాతం, ప్రయోగ వాహనాలకు 49 శాతం దాకా ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండానే విదేశీ పెట్టుబడికి వీలిచ్చారు.

ముందు ఏమవుతుంది?

కొత్త అంతర్జాతీయ ఒప్పందం కన్నా, ఎవరికి వారు రాసుకునే నిబంధనలే ఒక్కటొక్కటిగా కలిసి ప్రమాణంగా మారే సూచనలు ఎక్కువ. శకలాలు తగ్గించే విషయంలో ఇప్పటికే అది జరుగుతోంది. పని ముగిసిన ఉపగ్రహాన్ని 25 ఏళ్లలో దించాలన్నది ఎవరినీ కట్టిపడేయని మార్గదర్శకం మాత్రమే. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 2022లో తన లైసెన్సుదారులకు దాన్ని 5 ఏళ్లకు కుదించింది. 2030 నాటికి భారతీయ ప్రయోగాలు ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా శకలాలు మిగల్చకుండా చూస్తామని 2024లో ఇస్రో ప్రకటించింది. 2023 మార్చిలో తన పాత ఉపగ్రహం మేఘా-ట్రోపిక్స్-1ను, అలా దించే ఏర్పాటేదీ లేకుండా తయారైనదాన్ని, మిగిలిన ఇంధనంతో పసిఫిక్ మీదికి మళ్లించి కాల్చేసింది. ఇలాంటి అలవాట్లు పెరిగేకొద్దీ, దించగలిగి ఉండీ దించనివాడిని ‘తప్పు చేశాడు’ అనడానికి రేపటి న్యాయనిర్ణేతకు ఒక కొలత దొరుకుతుంది. 2009లో లేనిది అదే.

అంతవరకు 1972 ఒప్పందంలోని వివాద పరిష్కార ఏర్పాటు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. ఏడాది పాటు మాటలతో తేలకపోతే ముగ్గురు సభ్యుల కమిషన్ వేయవచ్చు. దాని తీర్పు మాత్రం ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుంటేనే శిరోధార్యం, లేకపోతే సిఫారసు. ఇప్పటిదాకా ఒక్క కమిషన్ కూడా కూర్చోలేదు.

దేశంలో మాత్రం ఒత్తిడి బీమా వైపు నుంచి రావచ్చు. తమిళనాడులోని కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. రాకెట్ కంపెనీలు ఏడాదికి కొన్ని ప్రయోగాలకు సిద్ధమైనప్పుడు ప్రతిదానికీ మూడో పక్షం బీమా (బయటివాళ్లకు జరిగే నష్టానికి) పాలసీ కావాలి. ప్రీమియం ఎంతో చెప్పాలంటే బీమా సంస్థకు కంపెనీ బాధ్యత ఏ అంకె దగ్గర ఆగుతుందో తెలియాలి. ఆ అంకె విధాన పత్రంలో ఉంటే రేపు మారవచ్చు. చట్టంలో ఉంటే దాని మీద లెక్క కట్టుకోవచ్చు. పరిమితి మరీ తక్కువ పెడితే మిగతా భారం పన్ను కట్టేవారిది, ఎక్కువ పెడితే స్టార్టప్‌లు ప్రీమియం దగ్గరే ఆగిపోతాయి. 2017 ముసాయిదా తప్పించుకున్న ప్రశ్న ఇదే. కొత్త బిల్లు ఏ పేరుతో వచ్చినా దాని మీద మొదటి వాదన ఈ అంకె దగ్గరే మొదలవుతుంది.